మూసేయనా అండీ?

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇందాకటి నుంచి గడియారం వంక చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడుతున్న ముఖ్య అతిథి గారికి, నాకంటే ముందు రిటైరై ఇవాళ నాకోసం పనిగట్టుకుని వచ్చిన పెద్దలకు, లిఫ్టు పాడైన రోజుల్లో నాతోపాటు మూడంతస్తులూ ఎక్కి దిగిన మిత్రులకు, నేను చేసే ఉద్యోగమేమిటో ముప్పై ఏళ్లుగా అర్థం కాకపోయినా ఎవరడిగినా "ఏదో కంప్యూటర్లో రాస్తుందండీ" అని గౌరవంగా చెప్పుకుంటూ వచ్చిన మా ఆయనకి, ఆయన పక్కనున్న మా ఆడపడుచుకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడిన నలుగురూ నన్ను పొగిడిన తీరు వింటుంటే, ఎవరీవిడ, ఇంత గొప్ప మనిషి మన ఆఫీసులోనే ఉంటే ఇన్నాళ్లూ నా కంటపడలేదేమిటి అనిపించింది. (నవ్వులు) టెస్టింగ్ విభాగం వదిన నా కోపం గురించి చెప్పింది, అది నిజం. ఒక్క కామా దగ్గర పేచీ పెట్టుకుని మాన్యువల్ విడుదలని రెండు రోజులు ఆపేశానంది, అదీ నిజమే. అందుకే మీరంతా నాకు కామా అక్క అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు నా వెనకాలే పిలుస్తున్నామని మీరు అనుకుంటున్నారని కూడా నాకు తెలుసు. (నవ్వులు)

కానీ చివర్లో డైరెక్టరు గారొక మాట అన్నారు. ముప్పై ఏళ్లలో ఈవిడ ఒక్క తప్పు మాట రాయలేదు అన్నారు. మీరందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా కుర్చీలో కూర్చోవడం నాకెంత కష్టమైందో చెప్పలేను. ఎందుకంటే నేను రాసిన రెండంటే రెండు మాటల వల్ల జరిగినదానికి, ఈ హాల్లోనే కూర్చున్న ఇంకో మనిషి మూడేళ్లుగా మాట పడుతున్నాడు. విచారణ నివేదికలో నా పేరు ఉండాల్సిన చోట అతని పేరు ఉంది. అది సరిచేయించకుండా నేను ఈ గేటు దాటి వెళ్లలేను. పూలగుత్తి పట్టుకుని ఫోటోలకు నవ్వడం తరవాత సంగతి.

కంగారు పడకండి డైరెక్టరు గారూ, కాసిని మంచినీళ్లు తాగండి. అన్నీ వరసగా చెబుతాను. (నవ్వులు)

ముందు మా ఇంటివాళ్లకు అర్థమయ్యేలా నాలుగు ముక్కలు. మనం చేసేది చిన్న చిన్న క్లినిక్కులు వాడుకునే సాఫ్ట్‌వేరు. పేషెంటు పేరు, డాక్టరు రాసిన మందు, ఆ మందు పొట్లం మీద అంటించే లేబులు, అన్నీ అందులోంచే వస్తాయి. దాని కోడ్ అంతా భద్రంగా దాచుకునే చోటుని రిపాజిటరీ అంటాం. దాన్ని ఆనుకునే ఇష్యూల జాబితా ఒకటుంటుంది. ఎక్కడ ఏం పాడైందో, ఎవరికేం కావాలో, క్లినిక్కులవాళ్లూ మనవాళ్లూ వచ్చి అందులో రాస్తారు. ఒక్కోదాన్ని ఒక ఇష్యూ అంటాం. పనయ్యాక దాన్ని మూసేస్తాం. ఏ బటను నొక్కితే ఏమవుతుందో రాయడం నా ఉద్యోగం. చూశావా వదినా, మా ఆయన పక్కన కూర్చున్న నిన్నే, ముప్పై ఏళ్లు దాచిన రహస్యం ఇంతే.

ఈ రాతపని నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన తాళాలు బాగుచేసేవారు. బాగుచేసిన ప్రతి తాళంచెవికీ ఒక అట్టముక్క కట్టేవారు. మామూలుగా ఎవరైనా ఏం రాస్తారు, "వెనక తలుపు" అని రాస్తారు. మా నాన్న మటుకు "వెనక తలుపు. సగం తిప్పి, తలుపు కాస్త పైకెత్తి, అప్పుడు మిగతా సగం తిప్పాలి. బలవంతం చేస్తే చెవి విరుగుతుంది" అని రాసేవారు. ఇంత రాత ఎందుకు నాన్నా, ఇంటివాళ్లకి వాళ్ల తలుపు సంగతి తెలీదా అని అడిగాను ఒకసారి. ఇంటివాళ్ల కోసం కాదమ్మా, ఇంటివాళ్లు లేనప్పుడు వచ్చి ఆ తలుపు ముందు నిలబడేవాళ్ల కోసం అన్నారు. ఆ మాట విని కూడా నేను పెద్దయ్యాక పొట్టి రాతలు రాయడంలోనే పేరు తెచ్చుకున్నాను. పది మాటల్ని మూడు మాటలకి కుదించానంటే నాకు ఆ పూట అన్నం సయించేది. అది నా పొగరు, మీకందరికీ తెలిసిందే.

ఆ ఫోన్ ఎవరిదో తీసి మాట్లాడుకోండి బాబూ, నేనాగుతాను. లేదా? కట్టేశారా? సంతోషం.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మూడో వరసలో, స్తంభం పక్కన, ఎవరికీ కనబడకుండా కూర్చున్నాడు చూడండి, అతనే. మనందరికీ చీటీల తమ్ముడు. కొత్తగా చేరినవాళ్లకి అతను కింద స్టోర్సులో పాత మానిటర్లకి నంబర్లు వేసే మనిషిగానే తెలుసు. అంతకుముందు పద్నాలుగేళ్లు ఇష్యూల జాబితా మొత్తం అతని చేతుల మీదుగా నడిచింది. తెరమీద ఎన్ని రంగులు పెట్టి ఇచ్చినా, ఒక్కో ఇష్యూకీ ఒక కాగితం చీటీ రాసి టేబులు అద్దం కింద పెట్టుకునేవాడు. దానిమీద ఇష్యూ నంబరు కంటే ముందు మనిషి వివరం ఉండేది. "ఏటవతల క్లినిక్కు సిస్టరు, మధ్యాహ్నం మూడు తరవాతే ఖాళీ" అని ఉండేది. ఇంకో అలవాటు ఉండేది. ఏ ఇష్యూనైనా మూసేముందు రాసినవాళ్లకి ఫోన్ చేసి, "మూసేయనా అండీ?" అని అడిగేవాడు. వాళ్లు సరే అంటేనే మూసేవాడు. నా టేబులు అతని టేబులుకి ఎదురుగానే ఉండేది కాబట్టి రోజుకి ఇరవైసార్లు ఆ మాట నా చెవిన పడేది. ఒక్కోసారి విసుక్కునేదాన్ని కూడా. ఎంతసేపయ్యా ఆ ఫోన్లు, బటను నొక్కితే పోయేదానికి, అనేదాన్ని. నవ్వేసేవాడు.

అప్పుడు ఏజెంటు వచ్చింది. ఏఐ ఏజెంటు. ఇష్యూలు తనే చదివి, తనే విడదీసి, ఎవరికి ఇవ్వాలో తనే ఇచ్చి, అయిపోయినవి తనే మూసేస్తుందన్నారు. దాని రాకకి మనం చేసిన హడావిడి చూసి టెస్టింగ్ వదినే అనుకుంటాను, దానికి అల్లుడుగారని పేరు పెట్టింది. (నవ్వులు) పేరు అచ్చంగా సరిపోయింది. ఎంతో మర్యాద, అడిగిన ప్రతిదానికీ తల ఊపడం, అర్థం కాకపోయినా అర్థమైనట్టే ఉండటం. (నవ్వులు, చప్పట్లు) అయితే అల్లుడుగారికి మన పద్ధతులేమీ తెలియవు. మనం దాని చేతికి కొన్ని టూల్స్ ఇస్తాం. ఇష్యూ వెతకడానికొకటి, గుర్తు తగిలించడానికొకటి, అప్పగించడానికొకటి, మూయడానికొకటి. ఒక్కో టూల్‌కీ ఒక వివరణ రాయాలి. ఆ వివరణ చదివే అది ఏది ఎప్పుడు వాడాలో నిర్ణయించుకుంటుంది. ఆ నాలుగు ముక్కలు తప్ప దానికి ఇంకో ఆధారం లేదు. మన ముఖం చూసి పసిగట్టలేదు, పక్క టేబులు మాటలు వినలేదు. ఆ వివరణలు రాసే పని నాకు అప్పగించారు. చీటీల తమ్ముడి పక్కన కూర్చుని అతను చేసేదంతా తెలుసుకుని రాయమన్నారు.

పదకొండు రోజులు కూర్చున్నాను. పాపం, అతను ఏదీ దాచుకోలేదు. నీ పనే కదయ్యా ఇది పట్టుకుపోయేది అంటే, పోతే పోనీండక్కా, జాగ్రత్తగా చేస్తే చాలు అన్నాడు. అంత మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ మండుతోంది. (నవ్వులు)

మొదట్లో నేను రాసిన వివరణల ఘనకార్యాలు మీకు గుర్తుండే ఉంటాయి. అర్జంటు గుర్తు తగిలించే టూల్‌కి "ముఖ్యమైన ఇష్యూలకు వాడండి" అని రాశాను. తన ఇష్యూ ముఖ్యం కాదని రాసే మనిషి ఈ భూమ్మీద ఉంటాడా? ఒక్క పూటలో జాబితా అంతా ఎర్రగా మారిపోయింది. తెర రంగు బాగాలేదన్నది కూడా అర్జంటే. ఇష్యూ అప్పగించే టూల్‌కి "తగిన వ్యక్తికి అప్పగిస్తుంది" అని రాశాను. తగిన వ్యక్తి ఎవరో ఎలా తెలుసుకోవాలో రాయలేదు. అల్లుడుగారు ఆలోచించి ఆలోచించి, పేర్ల జాబితాలో అక్షరక్రమంలో అందరికంటే పైనున్న పేరుకి ముప్పై ఏడు ఇష్యూలూ అప్పగించేసింది. ఆ పేరు మన డైరెక్టరు గారిది. అప్పట్లో ఆయన ఇంకా టీం హెడ్డు. మర్నాడు పొద్దున్నే నా టేబులు దగ్గరికొచ్చి, "మేడమ్, నేను కోడ్ రాసి పన్నెండేళ్లయింది, ఇప్పుడు కొత్తగా ఏం రాయమంటారు" అని ఆయన మొహం పెట్టిన తీరు నేను పోయేదాకా మరచిపోను. (నవ్వులు) క్షమించండి సార్, ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు చెబుతాను.

వాటికన్నిటికీ నవ్వుకున్నాం, దిద్దుకున్నాం. మూసే టూల్ దగ్గర మాత్రం నవ్వు లేదు. దానికి నేను రాసిన వివరణ ఇది, రెండే మాటలు: "ఇష్యూను మూస్తుంది." ఎంత శుభ్రంగా ఉందో చూడండి. అది రాసిన రోజు నేను గర్వంగా ఇంటికెళ్లాను.

జాబితా పెద్దదైపోయింది, రెండు నెలలుగా కదలిక లేనివాటిని తగ్గించమని ఏజెంటుకి చెప్పారు. వారంలో నాలుగు వందల పన్నెండు మూసేసింది. ఇదే హాల్లో కేకు కోశాం. ఆ నాలుగు వందల పన్నెండులో ఒకటి ఏటవతల క్లినిక్కు సిస్టరు రాసినది. పేషెంటు పేరు పొడుగ్గా ఉంటే లేబులు మీద రెండో వరస తెగిపోతోందని, "సగం మాత్ర" అనే చోట "సగం" ఎగిరిపోయి వట్టి "మాత్ర" అచ్చవుతోందని ఆవిడ రాసింది. మనం వివరాలు అడిగితే పంపింది. తరవాత రెండు నెలలు కదలిక లేదు. లేదంటే ఏమిటి? వంతు మనది, మనమే కూర్చున్నాం. అది అల్లుడుగారికి ఎలా తెలుస్తుంది? కదలిక లేదు, మూయడానికి టూల్ ఉంది, టూల్ ఇష్యూను మూస్తుంది. మూసేసింది.

పది రోజుల తరవాత ఒక పెద్దావిడ బీపీ మాత్ర సగానికి బదులు పూర్తిగా వేసుకుని, రెండు రోజులు వరసగా వేసుకుని, ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులుంది. దేవుడి దయవల్ల కోలుకుని ఇంటికి వెళ్లింది.

విచారణ పెట్టారు. రెండో అంతస్తులో కిటికీల్లేని గదిలో. మనిషి మనిషిని పిలిచి అడిగారు. నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న, వివరణలో తప్పేమైనా ఉందా అని. లేదు, ఆ టూల్ ఏం చేస్తుందో అదే రాశాను, ఒక్క అక్షరం తేడా లేదు అన్నాను. అబద్ధం కాదు. ముప్పై ఏళ్లలో నేను చెప్పిన అన్ని నిజాల్లోకీ సిగ్గుమాలిన నిజం అది. చీటీల తమ్ముడు నాకు ఎదురు కుర్చీలో ఉన్నాడు. ఆవిడకి పని తీరు చెప్పింది నువ్వే కదా, మూసేముందు ఏం చూసుకోవాలో ఎందుకు చెప్పలేదు అని అతన్ని అడిగారు. అతను నావైపు ఒక్కసారి చూసి, చేతిలో చీటీల వంక చూసుకుని, ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. నివేదికలో కారణం అన్నచోట "ఇష్యూలు చూసే ఉద్యోగి తగిన సమాచారం అందించకపోవడం" అని రాసి అతని పేరు పెట్టారు. పై వారం అతన్ని స్టోర్సుకి దింపారు.

ఎందుకు ఊరుకున్నావంటే, భయం వల్ల. ఇంకే కారణమూ లేదు. ఒక్క తప్పు మాట రాయని మనిషి అన్న పేరు పోతుందని భయపడ్డాను. ఆ పేరు తప్ప నాకింకేం ఉంది అనుకున్నాను. అలా అనుకోవడం తప్పు కదా, ఇదిగో మా ఆయనున్నాడు, మీరంతా ఉన్నారు.

రెండు వారాలు నిద్రపట్టక, ఒకరోజు సెలవు పెట్టి ఆ క్లినిక్కుకి వెళ్లాను. రెండు గదుల క్లినిక్కు. గోడవారన బల్ల, బల్లమీద మన లేబులు ప్రింటరు, దాని పక్కన ఎర్ర పెన్ను దారంతో కట్టి ఉంది. ఆ పెన్ను ఎందుకని అడిగాను. సిస్టరు చెప్పింది, లేబులు తెగిపోతోందని తెలిసిన రోజునుంచీ ప్రతి పొట్లం మీదా "సగం" అని చేత్తో రాసేదట. రెండు నెలలు ఒక్కటి కూడా తప్పిపోకుండా రాసింది. తరవాత ఇష్యూ మూసేసినట్టు కబురొచ్చింది. ఆవిడ నన్ను తిట్టనైనా తిట్టలేదు. అన్నదల్లా ఇదే:

"ఇదివరకు మీ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసేవారండీ, మూసేయనా అండీ అని. ఈసారి ఎవరూ అడగలేదు. మూసేశారంటే బాగైపోయిందనుకుని రాయడం మానేశాను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా నోట్‌బుక్కు తీసి చూశాను. ఈ పుస్తకమే, తెచ్చాను. పదకొండు రోజుల నోట్సూ ఇందులో ఉంది. మూడో రోజు పేజీ చదువుతాను వినండి. "మూసే ముందు ఫోన్. 'మూసేయనా అండీ?' అని అడగాలి. సరే అంటేనే." దానిమీద నా చేత్తో నేనే అడ్డగీత కొట్టాను. పక్కన రాసుకున్నాను, "అలవాటు మాత్రమే. అక్కర్లేదు."

అతను చెప్పాడు. మూడో రోజునే చెప్పాడు. నేను రాసుకుని మరీ కొట్టేశాను. పోయినేడు స్టోర్సుకి వెళ్లి అతన్ని అడిగాను, విచారణలో ఆ మాట ఎందుకు అనలేదయ్యా అని. పాత కీబోర్డు తుడుచుకుంటూ, "మీరు రాసుకోవడం చూశానక్కా, కొట్టేయడమూ చూశాను. అక్కర్లేదని మీకు తెలిసే కొట్టేసుంటారనుకున్నాను" అన్నాడు. నా రాతమీద అంత నమ్మకం పెట్టుకున్నవాడు ఈ ఆఫీసులో ఇంకొకడు లేడు. దానికి నేనిచ్చిన బహుమానం ఆ స్టోర్సు గది.

క్లినిక్కు నుంచి వచ్చిన మర్నాడే ఆ వివరణ తిరగరాశాను. మీలో చాలామందికి అది కంఠతా వచ్చు. అయినా ఒకసారి చదువుతాను. "ఈ టూల్ ఇష్యూను మూస్తుంది. మూశామంటే, రాసినవారు పని అయిపోయిందని నమ్మి, అంతవరకూ పడుతున్న జాగ్రత్త మానేస్తారు. అందుకని ముందు ఇబ్బంది పడ్డ మనిషిని 'మూసేయనా అండీ?' అని అడగండి. సరే అన్నాకే దీన్ని వాడండి. జవాబు రాకపోవడం సరే అనడం కాదు. చివరి మాట వాళ్లదైతే వంతు మనది, అప్పుడు దీన్ని వాడకండి. అనుమానం ఉంటే మూయకుండా వదిలి, మన మనుషుల్లో ఒకరికి చెప్పండి." ఇంత పొడుగా, కామా అక్కేనా రాసింది అని వెక్కిరించారు. పోట్లాడి మరీ పెట్టించాను. ఆ రోజునుంచీ అల్లుడుగారు అడగకుండా మూసిన ఇష్యూ ఒక్కటి లేదు. ఫోన్లు తనే చేస్తోంది, అదీ సిస్టరుకి మధ్యాహ్నం మూడు తరవాతే. ఎందుకంటే ఆ చీటీలన్నీ అడిగి తెచ్చి, దానికి అందేచోట ఎక్కించాను.

మీరంతా ఏం చేశారు? ఆ వివరణని కొత్తవాళ్లకి పాఠంగా పెట్టారు. డైరెక్టరు గారు వేరే ఆఫీసులకి తీసుకెళ్లి చూపించారు. టూల్ వివరణంటే ఇలా ఉండాలి, మా మేడమ్ రాశారు అని చెప్పారు. మెచ్చుకున్న ప్రతివాళ్లకీ నేను థాంక్స్ చెప్పాను కూడా. తప్పు నాదైతే అతని పేరు, మాట అతనిదైతే నా పేరు. రెండువైపులా నేనే తినేశాను. ఏ మనిషికీ ఇంత ఆకలి ఉండకూడదు.

అందుకని ఇవాళ పొద్దున, నా సిస్టం అప్పగించే ముందు, నా ఉద్యోగంలో చివరి ఇష్యూ తెరిచాను. "మూడేళ్ల కిందటి విచారణ నివేదికలో కారణం దగ్గర తప్పు పేరు ఉంది. సరైన పేరు నాది. రుజువు, నా నోట్‌బుక్కు మూడో రోజు పేజీ" అని రాశాను. అరనిమిషంలో అల్లుడుగారు జవాబిచ్చింది. ఇందులో ఇబ్బంది పడిన వ్యక్తి ఎవరు, మూసేముందు నేను ఎవరిని అడగాలి అంది. అంతా చదివి, మర్యాదగా, అచ్చంగా రాసినట్టే అడిగింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. చీటీల తమ్ముడి పేరు రాశాను. ఎవరికి అప్పగించమంటారు అంది. డైరెక్టరు గారికి అన్నాను. ఈసారి అక్షరక్రమం వల్ల కాదు సార్, ఆ నివేదిక కింద సంతకం మీది కాబట్టి. (నవ్వులు)

ఈ పుస్తకం తీసుకోండి. మీ తప్పు లేదు, నేను నోరు మెదపకపోతే మీకెలా తెలుస్తుంది. ఇప్పుడు తెలిసింది కదా.

(డైరెక్టరు గారు నోట్‌బుక్కు అందుకుని, ఆ పేజీ చదివి, తల ఊపారు.)

తల ఊపితే చాలదు సార్. మీరెంత చక్కగా ఊపుతారో మీరు చేరిన రోజునుంచీ చూస్తున్నాను. నోటితో చెప్పండి.

(డైరెక్టరు గారు లేచి నిలబడి: "సోమవారం సాయంత్రంలోగా నివేదిక మారుస్తాను మేడమ్. ఆయన్ని స్టోర్సు నుంచి పైకి రమ్మని అదేరోజు కాగితం ఇస్తాను. ఆ వివరణ కింద ఆయన పేరు పెట్టిస్తాను." చప్పట్లు.)

కూర్చోండి సార్. మీరు ట్రైనీగా చేరిన ఏడు మీ మొదటి మాన్యువల్లో నూట పదకొండు తప్పులు దిద్దాను. అవన్నీ ఇవాళ మాఫీ. (నవ్వులు)

తమ్ముడూ, ఆ స్తంభం వెనక్కి జరగకు, అందరూ చూస్తున్నారు. ఏదో అంటున్నాడు, మైకు ఒకసారి అటివ్వండి.

(మూడో వరసలోంచి: "పర్లేదు లెండక్కా. ఇప్పుడవన్నీ ఎందుకు.")

ఇదిగో, చూశారా! ఇందుకే అడగాలని రాసింది. తోసేస్తే తొలగిపోయేవాళ్లు, ఎవరైనా తమ కాలు తొక్కినా తామే క్షమించండనేవాళ్లు, వీళ్లనే ఇంకా జాగ్రత్తగా అడగాలి. ఒక్క పర్లేదు వినిపించగానే హమ్మయ్య అనుకుని మూసేసేవాళ్లం మనం. నేను మూడేళ్లు అదే చేశాను. నువ్వు కారిడార్లో కనబడ్డప్పుడల్లా బావున్నావా అనేదాన్ని, బావున్నానక్కా అనేవాడివి, నా పని అయిపోయినట్టు నేను లిఫ్టెక్కేసేదాన్ని. మరి ఇవాళ అలా కుదరదు. అల్లుడుగారు సోమవారం నీకు ఎలాగూ ఫోన్ చేస్తుంది. దానికంటే ముందు నేను అడుగుతాను, నువ్వు పద్నాలుగేళ్లు మా అందరికోసం అడిగిన తీరులోనే. నీకేం అనిపిస్తే అదే చెప్పు. నాకోసం చెప్పకు. ఎంతసేపైనా నిలబడతాను, కాళ్లు బాగానే ఉన్నాయి.

మూసేయనా అండీ?

(మూడో వరసలోంచి, స్తంభం పక్కన లేచి నిలబడి: "అప్పుడే వద్దక్కా. సోమవారం కాగితం చూశాక చెప్తాను.")

చాలు. ఈ హాల్లో ఇవాళ నేను విన్న మాటలన్నిటిలోకీ నాకు కావలసింది ఇదొక్కటే. అది తెరిచే ఉంటుంది తమ్ముడూ, నువ్వు చెప్పేదాకా ఎవరూ దాని జోలికి రారు. అలాగని నేనే రాసిపెట్టాను.

ఓపిగ్గా కూర్చున్న ముఖ్య అతిథి గారికి, నన్ను కోప్పడకుండా విన్న డైరెక్టరు గారికి, నా కామాల్ని భరించిన మీ అందరికీ, ఇంటికెళ్లాక నన్ను వంద ప్రశ్నలు అడగబోయే మా ఆడపడుచుకి, ఇప్పుడు కళ్లు తుడుచుకుంటూ దుమ్ము పడిందని చెబుతున్న మా ఆయనకి మనసారా కృతజ్ఞతలు. సోమవారం సాయంత్రం నా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను. సెలవు.